డేటా నిర్వహణ ప్రణాళిక ఎందుకు వెనక్కి వచ్చిందంటే

రోగుల గోప్యత కారణంగా డేటా ఇవ్వలేమని రాసినందుకే హొరైజన్ యూరప్ (ఐరోపా సమాఖ్య పరిశోధన నిధుల కార్యక్రమం) సమీక్షకులు మీ డేటా నిర్వహణ ప్రణాళికను, అంటే పరిశోధన డేటాను ఎలా భద్రపరచి పంచుకుంటారో తెలిపే పత్రాన్ని, తిప్పి పంపారని మీరు భావిస్తున్నారు గానీ, అందులో మీరు రాసిన పేరాను బట్టి చూస్తే, డేటాతో పాటు దాని మెటాడేటాను (డేటాను వివరించే సమాచారాన్ని) కూడా మూసివేయడమే అసలు కారణంగా కనిపిస్తోంది.

‘వీలైనంత తెరిచి, అవసరమైనంత మూసి’ అన్నది అక్కడి సూత్రం కనుక గోప్యతకు మినహాయింపు దొరుకుతుంది. అయితే చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ మినహాయింపు డేటాకు వర్తించినంత మాత్రాన, ఆ డేటా ఉన్నదని తెలిపే వివరాలకు వర్తించదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) కూడా పరిశోధన డేటా అందుబాటుపై 2006 నాటి తన సిఫార్సును 2021లో సవరించినప్పుడు మెటాడేటాను, విశ్లేషణ కోసం రాసిన కోడ్‌ను పరిధిలోకి తెచ్చింది.

1. డేటాను విశ్వసనీయ రిపాజిటరీలో (డేటాను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారంలో) పరిమిత ప్రవేశంతో జమ చేసి, డీఓఐ (శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్య) తీసుకోండి.
2. శీర్షిక, జమ చేసిన తేదీ, నిధుల సంస్థ పేరు, గ్రాంటు సంఖ్య, లైసెన్సు వంటి మెటాడేటాను సీసీ0 (హక్కులన్నీ వదులుకునే క్రియేటివ్ కామన్స్ ప్రకటన) కింద బహిరంగంగా ఉంచండి.
3. మీ పేరాలోని ‘కోరితే ఇస్తాము’ అన్న వాక్యాన్ని తీసివేసి (సమీక్షకులకు అది దాటవేతలాగే కనిపిస్తుంది), ఎవరు అడగవచ్చో, ఎవరు నిర్ణయిస్తారో, ఏ షరతులపై ఇస్తారో రాయండి.
4. మూసివేతకు కారణాన్ని మొత్తానికి ఒకేసారి కాకుండా, ఒక్కో డేటాసెట్‌కు విడిగా చూపండి. పేర్లు తొలగించిన సారాంశ పట్టికలను తెరిచి ఉంచడానికి సాధారణంగా అడ్డంకి ఉండదు.