తెర నల్లగా ఉంటే కెర్నల్ నడవనట్టేనా?

ప్రశ్న: వరంగల్‌లో పాత సామాను దుకాణంలో కాంపాక్ ఐపాక్ హెచ్3630 చేతి కంప్యూటర్ కొన్నాను. లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) కంపైల్ చేసి ఎక్కించాను గాని తెర నల్లగానే ఉంటున్నది. తప్పు ఎక్కడుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ముందుగా ఒక మాట అడగక తప్పదు: ఐపాక్‌లోని ఆర్మ్ ప్రాసెసర్ కోసం క్రాస్ కంపైలర్ (ఒక రకం యంత్రంపై మరో రకం ప్రాసెసర్‌కు ప్రోగ్రామ్ తయారుచేసే పనిముట్టు) వాడారు కదా? వాడి ఉంటే తెరను కాసేపు మరచిపోండి. పోర్టింగ్‌లో, అంటే కెర్నల్‌ను కొత్త యంత్రానికి అమర్చడంలో, తెర డ్రైవర్ (తెరను నడిపే ప్రోగ్రామ్) చివరి మెట్లలో ఒకటి. కెర్నల్ మొదట మాట్లాడేది సీరియల్ పోర్టులోనే. ఆ పోర్టును కేబుల్‌తో పీసీకి కలిపి, వేగం సెకనుకు 115200 బిట్లు పెట్టి, వచ్చే అక్షరాలను పీసీ తెరపై చూడండి.

‘అన్‌కంప్రెసింగ్ లినక్స్’ అన్న వాక్యం వచ్చి ఆగిపోతే రెండు అనుమానాలున్నాయి. మొదటిది యంత్రం సంఖ్య. పీసీలో ఏయే భాగాలున్నాయో చెప్పడానికి బయాస్ అనే తొలి ప్రోగ్రామ్ ఉంటుంది. ఇక్కడ ఆ దిక్కు లేదు కనుక, పాత ఆర్మ్ కెర్నళ్లకు బూట్‌లోడరే (కెర్నల్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) ప్రాసెసర్‌లోని ఆర్1 రిజిస్టర్ అనే చిన్న నిల్వ గడిలో యంత్రం సంఖ్యను ఉంచి అందించాలి, అది కుదరకపోతే కెర్నల్ నోరు విప్పకుండానే ఆగిపోతుంది. కొత్త కెర్నళ్లలో ఈ పనిని డివైస్ ట్రీ (యంత్రంలోని భాగాల వివరాల పట్టిక) చేస్తుంది. రెండోది, చాలామంది చేసే పొరపాటే: పీసీ అలవాటుకొద్దీ కన్సోల్ (కెర్నల్ సందేశాలు వెళ్లే చోటు) పేరు టీటీవైఎస్0 అని రాస్తారు, ఐపాక్‌లోని స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసర్‌లో అది టీటీవైఎస్ఏ0. ఒక్క అక్షరం తప్పితే కెర్నల్ హాయిగా నడుస్తున్నా మీకు ఒక్క ముక్క వినిపించదు.

ఈ యంత్రంలో ర్యామ్ 32 మెగాబైట్లు, ఫ్లాష్ 16 మెగాబైట్లే. కాబట్టి అక్కరలేని డ్రైవర్లను తీసివేయండి. ఫ్లాష్‌లో రాసేటప్పుడు బూట్‌లోడర్ ఉన్న మొదటి భాగం జోలికి మాత్రం పోకండి.