పగలు వెల్డింగ్.. అర్ధరాత్రి కళ్లమంట: ఆ చుక్కల మందు వాడొచ్చా?

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. వెల్డింగ్ షాపులో హెల్పర్‌గా చేస్తున్నాను. మేస్త్రి ట్యాకులు (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకులు) కొడుతుంటే ముక్కలు పట్టుకోవడం, తర్వాత గ్రైండింగ్ చేయడం నా పని. ట్యాక్ కొట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటాను, స్క్రీన్ (ముఖానికి అడ్డుపెట్టుకునే నల్ల అద్దం) వాడను. సాయంత్రం దాకా బాగానే ఉంటోంది. రాత్రి నిద్ర పట్టాక రెండు కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ఆగకుండా నీరు. తోటి పనివాడు ఇచ్చిన చుక్కలు వేసుకుంటే నిమిషంలో నొప్పి పోయింది. ఆ సీసా దగ్గర ఉంచుకోవచ్చా? జీఐ (జింక్ పూత పూసిన ఇనుప) పైపులు అతికిన రోజు రాత్రి చలిజ్వరం కూడా వస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఓ పాఠకుడు

సలహా: ఆ సీసా వాడకండి, ఇవాళే పారేయండి. అంత తీవ్రమైన నొప్పి నిమిషంలో పోయిందంటే అవి దాదాపుగా మత్తు చుక్కలే. ప్రొపరకైన్, టెట్రాకైన్ లాంటి ఈ మందులను కంటి పరీక్షకో, నలుసు తీయడానికో మేం డాక్టర్లం ఒకటి రెండు చుక్కలు వేస్తాం. పదేపదే వేసుకుంటే దెబ్బతిన్న కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర) పైపొర మళ్లీ పెరగదు. పైగా కన్ను మొద్దుబారి ఉంటుంది కాబట్టి నలుసు పడినా, రుద్దుకుని గీసుకుపోయినా తెలియదు. అలా పుండు పడి, మచ్చ మిగిలి చూపు తగ్గినవాళ్లున్నారు. ఎర్రదనం పోతుందని స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా కొనుక్కోవడం కూడా అంతే ప్రమాదం.

మీకు వస్తున్నది ఆర్క్ ఐ. ఆర్క్ (వెల్డింగ్‌లో పుట్టే విద్యుత్ మెరుపు) నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కార్నియా పైపొర కణాలను కాలుస్తాయి. ఆ కణాలు వెంటనే రాలిపోవు. సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో ఊడి, కింద ఉన్న నరాల కొసలు బయటపడతాయి. నొప్పి అప్పుడు మొదలవుతుంది. సాయంత్రం కళ్లు బాగున్నాయి కదా అని ధైర్యపడటంలోనే పొరపాటు ఉంది. ఒక్కో ట్యాక్ సెకనే కావచ్చు, కానీ రోజంతా పడిన కిరణాల మోతాదు కలుస్తూ పోతుంది. ముఖం తిప్పుకునేది వెలుగు కనిపించాకే కాబట్టి ప్రతిసారీ ఎంతో కొంత కంట్లో పడుతూనే ఉంటుంది.

మళ్లీ వస్తే గది చీకటి చేసుకుని, మూసిన కళ్లపై చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు గంటకో రెండు గంటలకో వేసుకోవచ్చు. నొప్పికి పారాసెటమాల్ మాత్ర చాలు. రుద్దొద్దు. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసేయండి, పూర్తిగా తగ్గేదాకా పెట్టుకోకండి. పైపొర బాగా ఊడిందనిపిస్తే డాక్టర్ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తారు. మామూలుగా 24 నుంచి 48 గంటల్లో తగ్గిపోతుంది. ఆ రెండు రోజులూ వెల్డింగ్ దగ్గరికి వెళ్లొద్దు.

మీరు గ్రైండింగ్ కూడా చేస్తున్నారు కాబట్టి ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఆర్క్ ఐ దాదాపుగా రెండు కళ్లకూ వస్తుంది. ఒక్క కంట్లోనే, రెప్ప వేసిన ప్రతిసారీ ఒకేచోట గుచ్చుకుంటుంటే అది ఇనుప రజను. ఒక్క రోజులోనే దాని చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది. అగ్గిపుల్లతోనో, గుడ్డ కొసతోనో తీయించుకోకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గ్రైండింగ్ చేస్తుండగానో, సుత్తితో కొడుతుండగానో ఏదో వేగంగా తగిలి చూపు మసకబారితే, ముక్క కంటి లోపలికి దిగి ఉండొచ్చు. కడగకుండా, నొక్కకుండా, కన్నుపై ఒత్తిడి పడకుండా ఏదైనా కప్పుతో మూసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేకుండా చూపు మధ్యలో మచ్చలా కనిపిస్తూ రోజులు గడిచినా పోకపోతే రెటీనా పరీక్ష చేయించాలి.

ఇక పనిలో జాగ్రత్తలు. హెల్పర్‌కు స్క్రీన్ అక్కర్లేదన్న అలవాటును ముందు మాన్పించాలి. ముక్క పట్టుకునేవాడు ఆర్క్‌కు అడుగు దూరంలోనే ఉంటాడు. వీలైతే ముక్కలను క్లాంపుతోనో, మాగ్నెట్‌తోనో బిగించండి. చేత్తోనే పట్టుకోక తప్పకపోతే మీకూ హెల్మెట్ ఉండాలి. మాన్యువల్ ఆర్క్ వెల్డింగ్‌లో 60 నుంచి 160 ఆంపియర్ల దాకా కనీసం 8వ నంబర్ షేడ్ (నలుపు స్థాయి) అద్దం ఉండాలి, 10 అయితే మేలు. 160 నుంచి 250 ఆంపియర్లకు కనీసం 10, మేలైనది 12. చలవ కళ్లద్దాలు దీనికి బదులు కావు. హెల్మెట్ కింద పక్క రక్షణ ఉన్న తెల్లటి పాలికార్బొనేట్ కళ్లద్దాలు రోజంతా తీయకండి. వెలుగును ఆపకపోయినా అవి అతినీలలోహిత కిరణాలను దాదాపుగా అడ్డుకుంటాయి. పక్క బల్ల మీది ఆర్క్ నుంచీ, స్లాగ్ (అతుకుపై గట్టిపడిన చిట్టెం) కొట్టేటప్పుడు ఎగిరే పెచ్చుల నుంచీ కాపాడతాయి. నిగనిగలాడే స్టెయిన్‌లెస్ స్టీల్, అల్యూమినియం రేకులు కిరణాలను తిప్పికొడతాయి, ఆ కిరణాలు వెనుక నుంచి కూడా హెల్మెట్ లోపలికి చేరతాయి. రెండు బల్లల మధ్య వెల్డింగ్ కర్టెన్ ఉంటే ఈ బాధ చాలావరకు పోతుంది. మెడ దగ్గర గుండీ పెట్టుకోండి, అక్కడి చర్మమూ ఇలాగే కాలుతుంది.

చలిజ్వరం వేరే సంగతి. జీఐ పూత కాలి వచ్చే తెల్లటి పొగ జింక్ ఆక్సైడ్. పీల్చిన 4 నుంచి 10 గంటల తర్వాత వణుకు, జ్వరం, దాహం, నోట్లో లోహపు రుచి, పొడిదగ్గు వస్తాయి. దీన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పాలు తాగితే విరుగుతుందనేది నమ్మకమే. అతికే చోటుకు రెండు వైపులా 5 నుంచి 10 సెంటీమీటర్లు పూతను ముందే గ్రైండ్ చేసి తీసేయాలి. అప్పుడు మాస్క్ మరవకండి. పొగ మీ ముఖం ముందు నుంచి కాకుండా పక్కకు పోయేలా ఎగ్జాస్ట్ పెట్టండి. గుడ్డ మాస్క్ ఈ పొగను ఆపదు, కనీసం ఎన్95 కావాలి. జ్వరం రెండు రోజులు దాటినా, ఆయాసం పెరుగుతున్నా ఇది మామూలు జింక్ జ్వరం అనుకోవద్దు. కాడ్మియం పూత పొగ కూడా మొదట్లో అచ్చం ఇలాగే ఉండి, తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తుంది. క్లోరిన్ ఉన్న డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవంతో) తుడిచి ఆరకముందే ఆర్క్ కొట్టినా ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టి ఇదే పని చేయగలదు. ఆయాసం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, ఆ రోజు ఏ లోహం అతికారో, దేనితో తుడిచారో డాక్టర్‌కు చెప్పండి.