శాంటియాగో కాలినడక: రాత్రి మజిలీ ఎక్కడ?

స్పెయిన్‌లోని శాంటియాగో దె కొంపొస్తెలాకు నడిచి వెళ్లే ‘కమీనో’ యాత్రలో బస గురించి ఎక్కువ మంది పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ఇవన్నీ ఫ్రాన్సు వైపు నుంచి మొదలై సుమారు 780 కిలోమీటర్లు సాగే ‘ఫ్రెంచి దారి’కి సంబంధించినవి.

ప్రశ్న: ఏప్రిల్ చివర్లో మేమిద్దరం ఫ్రాన్సులోని సాన్ జాన్ పియె ద పోర్ నుంచి బయల్దేరుతున్నాం. ప్రతి రాత్రికీ ముందే బుక్ చేసుకోవాలా, నడుస్తూ వెతుక్కోవచ్చా? ఏ రకం సత్రం మేలు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మొదటి మూడు రాత్రులు బుక్ చేసుకోండి, మిగతావి చాలావరకు వదిలేయండి. నెల రోజులకు పైగా సాగే నడకకు ప్రతి మజిలీ ముందే ఖాయం చేసుకుంటే, నాలుగో రోజు అరికాలు బొబ్బలెక్కిందంటే చాలు, ఆ తర్వాతి బుకింగులన్నీ వరసగా తప్పిపోతాయి. డబ్బు పోతుందన్న బెంగతో నొప్పి కాలు మీదే నడిచి, చివరికి యాత్రే ఆపేయాల్సి వస్తుంది.

ఆ మూడు రాత్రులే ఎందుకంటారా? మొదటి రోజు పిరనీస్ కొండలు దాటాలి. రోన్సెస్‌వాయెస్ వరకు సుమారు 25 కిలోమీటర్లు, ఎక్కుడే 1,200 మీటర్లకు పైన. మధ్యలో పడకలున్నవి ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఒరిస్సోన్, దాని పరిసరాలు మాత్రమే. అక్కడ పడకలు కొద్ది కాబట్టి వసంతకాలానికి నెలల ముందే నిండిపోతాయి. కొత్తగా నడిచేవాళ్లకు, మోకాళ్లు అంత గట్టిగా లేనివాళ్లకు ఈ ఎక్కుడును రెండు రోజులుగా విడగొట్టుకోవడమే మంచిది. ఒరిస్సోన్‌లో చోటు దొరికితే వదులుకోకండి. రోన్సెస్‌వాయెస్‌లోని పాత మఠం సత్రంలో 180కి పైగా పడకలున్నా, మే, సెప్టెంబరు నెలల్లో అవీ నిండుతాయి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు.

అసలు చిక్కు మర్నాడు వస్తుంది. రోన్సెస్‌వాయెస్‌లో నిద్రలేచిన జనమంతా ఒకేసారి 21, 22 కిలోమీటర్లు నడిచి సుబిరి అనే చిన్న ఊళ్లో దిగుతారు. ఊరు చేరేముందు రాళ్ల మీద నిటారు దిగుడు ఉంటుంది, అది దిగాక ఇంకో అడుగు వేయబుద్ధి కాదు. అందుకే అక్కడ పడకలు మధ్యాహ్నానికే అయిపోతాయి. చోటు లేకపోతే లర్రసోఆన్యాకు మరో 5 కిలోమీటర్లకు పైగా నడవాలి. పాంప్లోనా దాటాక నడిచేవాళ్ల వేగాలు వేరవుతాయి, గుంపు పలచబడుతుంది. అప్పటినుంచి ముందురోజు సాయంత్రమో, ఆ పొద్దునో ఫోన్ చేస్తే చాలు.

ఇక రకాలు. యాత్రికుల సత్రాలను ‘అల్బెర్గే’ అంటారు. మొదటి రకం ఊరి పాలకమండలి నడిపేవి, దారి చివర్లో శాంటియాగో ఉన్న గలీషియా ప్రాంతంలో అయితే అక్కడి ప్రభుత్వం నడిపేవి. వీటిలో చాలావాటికి బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్లకు ముందు పడక. పాస్‌పోర్టుతో పాటు ‘క్రెదెన్సియల్’ అనే యాత్రికుల పుస్తకం చూపాలి. ఒక్క రాత్రే ఉండనిస్తారు, ఒంట్లో బాగోలేకపోతే తప్ప. రాత్రి పదికి దీపాలు ఆర్పేస్తారు, పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ చేయాలి. రేటు సుమారు పది యూరోలు. ప్రైవేటు అల్బెర్గే పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటుంది. బుకింగ్ తీసుకుంటారు కానీ ఫలానా గంటలోపు రాకపోతే పడక వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఆలస్యమైతే ఫోన్ చేయండి, వెళ్లడం మానుకుంటే తప్పకుండా రద్దు చేయండి. రాని మనిషి కోసం పట్టి ఉంచిన పడక, వానలో వచ్చిన మరో యాత్రికుడికి లేకుండా పోతుంది.

చర్చిలు, యాత్రికుల సంఘాలు నడిపే ‘దోనతీవో’ సత్రాలకు నిర్ణీత రేటు ఉండదు, హుండీ ఉంటుంది. ఇది ఉచితం అనుకోవద్దు. ఈ రాత్రి మీరు వేసిన డబ్బుతోనే రేపటివాళ్లకు వంట జరుగుతుంది. భోజనం కూడా పెట్టినచోట మామూలు అల్బెర్గే రేటు కన్నా తక్కువ వేయడం న్యాయం కాదు. గ్రాన్యోన్ ఊళ్లో చర్చి గంటగోపురాన్ని ఆనుకుని ఉన్న సత్రం ఈ కోవలోదే. నేల మీద పరుపులు, అందరూ కలిసి చేసుకునే రాత్రి భోజనం. సౌకర్యం చూసుకునేవాళ్లకు అది నప్పదు, కానీ ఈ దారిలో ఒక్క రాత్రయినా అలాంటిచోట ఉండమనే చెబుతాం.

సత్రం ఎంచుకునేటప్పుడు ఫొటోల కంటే ఈ మూడు చూడండి: గదికి ఎన్ని పడకలు, ఎంతమందికి ఒక స్నానాలగది, బట్టలు ఆరేసే చోటు ఉందా. మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. తడి మేజోళ్లతో మర్నాడు నడిస్తే బొబ్బలు ఖాయం. కింది పడక కావాలంటే పేరు రాయించుకునేటప్పుడే ‘కామా దె అబాహో’ అని అడగండి.

దీనికంటే ముఖ్యమైనది మజిలీ ఊరి ఎంపిక. గైడు పుస్తకాలన్నీ దాదాపు ఒకే ఊళ్లలో రోజు ముగిస్తాయి కాబట్టి జనమూ అక్కడే ఆగుతారు. ఒక ఊరు ముందో, ఒక ఊరు తర్వాతో ఆగండి. పడక తేలిగ్గా దొరుకుతుంది, మర్నాడు దారీ ఖాళీగా ఉంటుంది. అయితే కర్రియోన్ దె లోస్ కోందెస్ దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. దాని తర్వాత 17 కిలోమీటర్లు ఊరే లేదు. ఎండవేళ అక్కడికి చేరి, పడక లేదని ముందుకు కదలడం ప్రమాదం. ఆ రాత్రికి మాత్రం ముందే ఫోన్ చేసుకోండి.

ప్రశ్న: షెంగెన్ వీసాకు బస రుజువు అడుగుతున్నారు. బుకింగే తీసుకోని సత్రాలకు రుజువు ఎక్కడి నుంచి తేవాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దొంగ బుకింగు కాగితాలు మాత్రం పెట్టకండి, పట్టుబడితే వీసా తిరస్కరిస్తారు. రోజువారీ నడక పట్టిక ఒకటి రాయండి: తేదీ, బయల్దేరే ఊరు, ఆగే ఊరు, కిలోమీటర్లు. పాంప్లోనా, లొగ్రోన్యో, బుర్గోస్, లెయోన్, శాంటియాగో వంటి పెద్ద ఊళ్లలో ఉచితంగా రద్దు చేసుకోగల గదులు మీ పేరున తీసుకోండి. మధ్య ఊళ్లలో బుకింగ్ తీసుకోని యాత్రికుల సత్రాల్లో దిగుతామని ఒక లేఖలో వివరించండి. ప్రతి రాత్రికీ రుజువు కావాలని వీసా కేంద్రంలో అంటే, ఆ ఊళ్లలోని ప్రైవేటు అల్బెర్గేల్లో రద్దు వీలున్న పడకలు తీసుకోవాల్సిందే. వీసా వచ్చాక, నడక సాగేకొద్దీ తేదీలు మార్చుకోవచ్చు. మార్చుకున్నవాటిని గడువులోపు రద్దు చేయడం మరవకండి.

నడక ఫ్రాన్సులో మొదలైనా ఎక్కువ రోజులు ఉండేది స్పెయిన్‌లో కాబట్టి దరఖాస్తు స్పెయిన్‌కే పెట్టాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పట్టికలో వారానికో విశ్రాంతి రోజు కలిపి తేదీలు అడగండి, లేకపోతే వీసా గడువు మిమ్మల్ని తరుముతుంది.

ప్రశ్న: అమ్మకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పి. చివరి 100 కిలోమీటర్లే నడుస్తాం. హాల్లో అందరి మధ్యా పడుకోలేదు, సంచీ మోయలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ విషయంలో పై సలహా తిరగబడుతుంది. అన్ని రాత్రులూ బుక్ చేసుకోండి. ఈ చివరి ముక్క మొదలయ్యే సర్రియా ఊరి నుంచి శాంటియాగోకు సుమారు 115 కిలోమీటర్లు. యాత్ర పూర్తిచేసినట్టు శాంటియాగోలో ఇచ్చే ధ్రువపత్రానికి 100 చాలు కాబట్టి ఈ ముక్కలోనే రద్దీ ఎక్కువ, అందులోనూ ఈస్టరు వారంలో, ఆగస్టులో. జులై 25 ఆదివారం పడిన ఏడాదిని అక్కడ పవిత్ర సంవత్సరంగా పాటిస్తారు. 2027 అలాంటిదే. ఆ ఏడాది వెళ్లేట్టయితే నెలల ముందే గదులు చూసుకోవాలి.

సొంత గది కోసం ‘పెన్సియోన్’, ‘ఓస్తాల్’ అనే బోర్డులున్న చోట్లు చూడండి. ఇవి చిన్న లాడ్జీల వంటివి, క్రెదెన్సియల్ అక్కర్లేదు. లిఫ్టు ఉందా, గది ఏ అంతస్తులో ఉందో ముందే అడగండి. పాత ఇళ్లలో మూడంతస్తుల ఇరుకు మెట్లు మామూలే. నడకంతా అయ్యాక మోకాలికి ఆ మెట్లే గండం. సంచీని తర్వాతి మజిలీకి చేర్చే సర్వీసులున్నాయి, మజిలీకి కొద్ది యూరోలే తీసుకుంటారు. కానీ సంచీకి అతికించే కవరు మీద చేరాల్సిన బస పేరు రాయాలి కాబట్టి బుకింగ్ లేకుండా ఇది కుదరదు. ప్రభుత్వ అల్బెర్గేలు ఇలా వచ్చిన సంచులను తీసుకోవు. మందులు, పాస్‌పోర్టు, వాన కోటు మాత్రం భుజాన ఉండాలి.

అందరూ ఈ దూరాన్ని అయిదు రోజుల్లో నడుస్తారు: పోర్తోమరీన్, పాలాస్ దె రెయ్, అర్సుఆ, పెద్రౌసో, శాంటియాగో. మీరు ఏడెనిమిది రోజులు పెట్టుకోండి. మొదటి రోజు బర్బదెలోలో ఆగండి, అయిదు కిలోమీటర్లలోపే. అర్సుఆకు మూడు కిలోమీటర్ల ముందు నది ఒడ్డున ఉన్న రిబదీసో మంచి మజిలీ. ధ్రువపత్రం కావాలంటే ఈ ముక్కలో క్రెదెన్సియల్ మీద రోజుకు కనీసం రెండు ముద్రలు వేయించుకోవాలి. ఒకటి రాత్రి బసలో, మరొకటి దారిలో ఏ చర్చిలోనో, కాఫీ దుకాణంలోనో.

ప్రశ్న: నల్లుల భయం ఉంది. నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిజమే. రోజుకో మనిషి పడుకునే పడక కాబట్టి ఎంత శుభ్రమైన సత్రమైనా తప్పించుకోలేదు. నల్లి సంచుల్లో ఎక్కి ఊరు మారుతుంది. లోపలికి వెళ్లగానే సంచీని పరుపు మీద పెట్టకండి, కొక్కేనికి తగిలించండి. ఫోన్ లైటు వేసి పరుపు అంచు కుట్టు, మూలలు, మంచం చెక్కల సందులు, తలవైపు గోడ పగుళ్లు చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తే అవి నల్లుల రెట్ట. సత్రం నడిపేవాళ్లకు నెమ్మదిగా చెప్పి పడక మార్చమనండి.

కుట్టాక చేయాల్సింది వేడి చికిత్సే. బట్టలు, పడక సంచీ 60 డిగ్రీల నీళ్లలో ఉతికి, వేడి డ్రయరులో కనీసం అరగంట తిప్పాలి. ఉతకడానికి వీల్లేని ఉన్ని బట్టలను పొడిగానే డ్రయరులో వేయండి. చన్నీళ్లలో ఉతికితే నల్లి చావదు. ఎండలో పెట్టడం మీద ఆధారపడకండి, సంచీ మడతల్లో అంత వేడి చేరదు. బయల్దేరే ముందు సంచీకి, పడక సంచీ లోపల వేసుకునే గుడ్డ లైనర్‌కు పెర్మెత్రిన్ అనే పురుగుమందు చల్లి పూర్తిగా ఆరనిస్తే కొంత కాపు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మందు తడి ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి, పిల్లులకు అది విషం.

ప్రశ్న: మేం శాకాహారులం. వంటగది ఉన్న సత్రాలు చూసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: గలీషియా వచ్చేదాకా సరిపోతుంది. అక్కడి ప్రభుత్వ అల్బెర్గేల్లో వంటగది, పొయ్యి ఉన్నా చాలాచోట్ల గిన్నెలుండవు. తేలికపాటి గిన్నె ఒకటి, చెంచా ఒకటి వెంట ఉంచుకోండి. ఆదివారం చిన్న ఊళ్లలో దుకాణాలు మూస్తారు, మామూలు రోజుల్లోనూ మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా తలుపులు వేసే ఉంటాయి. కాబట్టి శనివారం సాయంత్రమే రెండు పూటలకు సరిపడా బియ్యం, పప్పు, కూరలు కొని పెట్టుకోండి. సత్రంవాళ్లు అందరికీ కలిపి వండేచోట, బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, గుడ్డు మూడూ మేం తినం అని విడివిడిగా చెప్పండి. శాకాహారం అంటే ట్యూనా చేప వేసిన సలాడ్ తెచ్చిపెట్టేవాళ్లు ఉన్నారు.