పాత వెండి నాణేల్లో పొదుపు సొమ్ము పెట్టవచ్చా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. మొదటి ఎలిజబెత్, మొదటి చార్లెస్ కాలాల్లో సుత్తితో కొట్టి ముద్రించిన వెండి నాణేలంటే నాకు చాలా ఇష్టం. దాచుకున్న 4,000 పౌండ్లను దీర్ఘకాలిక పెట్టుబడిగా వాటిలోనే పెట్టవచ్చా?

జవాబు: మొత్తం సొమ్మును వాటిలో పెట్టవద్దని నా సలహా. నాణేనికి వడ్డీ గానీ డివిడెండు గానీ రాదు. లాభమంతా అమ్మే రోజున దొరికే ధరను బట్టే ఉంటుంది. డీలరు దగ్గర కొన్న నాణేన్ని మర్నాడే ఆయనకు తిరిగి అమ్మజూపినా మీరిచ్చినంత రాదు. వేలంలోనైతే కొనేటప్పుడు వేలం సంస్థ అదనపు రుసుము, అమ్మేటప్పుడు దాని కమీషను రెండూ మీరే భరించాలి. అందువల్ల ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో సిద్ధంగా ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఈ సొమ్ములో ఎక్కువ భాగాన్ని పన్ను పడని ఐసా (వ్యక్తిగత పొదుపు) ఖాతాలో వేసి, 400 పౌండ్ల వరకు మాత్రం నాణేలకు కేటాయించండి.

ఆ 400 పౌండ్లకైనా రక్షణ నాణేన్ని సరిగ్గా గుర్తుపట్టడంలోనే ఉంది. 1561లో మొదలైన ఎలిజబెత్ ఆరు పెన్నీల నాణేన్ని చూడండి. సాధారణంగా బొమ్మ వైపు రాణి తల వెనుక చిన్న గులాబీ, బొరుసు వైపు డాలుకు పైన సంవత్సరం ఉంటాయి. ఆమె షిల్లింగు మీద ఈ రెండూ ఉండవు. చుట్టూ ఉన్న అక్షరాలు మొదలయ్యే చోట కనిపించే చిన్న బొమ్మే టంకశాల గుర్తు. సింహం గుర్తు 1566-67 నాటిది, అడవి గులాబీ గుర్తు 1574-78 మధ్యది. కాబట్టి డాలు మీద 1575 ఉండి, గుర్తు మాత్రం సింహమైతే ఆ నాణేన్ని అక్కడే వదిలేయండి. పోల్చి చూసుకోవడానికి ప్రజలకు దొరికిన పురాతన వస్తువులను నమోదు చేసే, బ్రిటిష్ మ్యూజియం ఆధ్వర్యంలోని పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ డేటాబేసును ఉచితంగా వాడుకోవచ్చు.

ధరను ఎక్కువగా దెబ్బతీసేది అంచు కత్తిరింపు. సుత్తి దెబ్బతో తయారైన నాణేనికి సమమైన అంచు ఉండదు గనుక, ఆ రోజుల్లో చుట్టూ కొంత వెండి గోకేసి మళ్లీ చెలామణీలో పెట్టేవారు. 1662లో యంత్ర ముద్రణ స్థిరపడ్డాక కూడా పాత నాణేలను వెనక్కి తీసుకుని కొత్తగా ముద్రించిన 1696 వరకు ఈ బెడద తీరలేదు. ఆరు పెన్నీల పూర్తి బరువు సుమారు 3 గ్రాములు. కాబట్టి పదో వంతు గ్రాము వరకు చూపే చిన్న కాటా వెంట ఉంచుకోండి. బరువు బాగా తగ్గి, అక్షరాల తలలు తెగిపోయి ఉంటే, రాణి ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా పూర్తి ధర ఇవ్వవద్దు. చార్లెస్‌కూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డ్, ష్రూస్‌బరీ వంటి చోట్ల ముద్రించిన నాణేల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, ఎందుకంటే వాటిలో పొరపాటు పడితే నష్టం పెద్దది.

ఇక పన్ను సంగతి. బ్రిటన్‌లో ఒక్కో వస్తువును 6,000 పౌండ్లు మించకుండా అమ్మితే మూలధన లాభాల పన్ను పడదు. అయితే ఒక సెట్టును విడివిడిగా ఒకే వ్యక్తికి అమ్మినా కలిపే లెక్కిస్తారు. ప్రతి నాణెం రసీదును, ఫొటోను, బరువును నమోదు చేసి ఉంచండి. ఇంటి బీమా వీటికి వర్తిస్తుందో లేదో కొనక ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగండి.