తుడిచేసిన లెక్క

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పదో తరగతి వరకు బడికంతటికీ మొదటివాడుగా వచ్చిన మనవడు ఇంటర్‌లో చేరిన ఆరు నెలల్లోనే రెండుసార్లు కింది సెక్షన్‌కు మారాడని, ఇంటికి వస్తే ఎవరితోనూ మాట్లాడకుండా తలుపు వేసుకుంటున్నాడని, అది పొగరా బద్ధకమా అని అల్లుడుగారు అడుగుతున్నారని రాశావు. రెండూ కాదమ్మా.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఇలాంటి పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద ‘తెలివి ఉంది, శ్రద్ధ లేదు’ అని ఎన్నిసార్లు రాశానో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఒక పరీక్షలో చివరి లెక్క చోటు ఖాళీగా వదిలి ఇచ్చాడు. కాగితాన్ని కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిలు గాట్లు కనిపించాయి: మూడు మెట్లు సరిగ్గా చేసి, నాలుగో దానిలో తట్టుకుని, మొత్తం రబ్బరుతో తుడిచేశాడు. చేతకాలేదు అనిపించుకోవడం కన్నా చదవలేదు అనిపించుకోవడమే వాడికి తేలికగా తోచింది. ఆ తర్వాత ఆ మాట ఏ కార్డు మీదా రాయలేదు.

మనవాణ్ణి కూడా పదేళ్లపాటు ఏకసంథాగ్రాహి అని అందరం పొగిడాం. రాని లెక్క ముందు గంటసేపు కూర్చోవలసిన అవసరమే వాడికి ఏనాడూ పడలేదు. ఇప్పుడు చుట్టూ ఉన్నవాళ్లందరూ అంతటివాళ్లే కావడంతో, వాడు పోగొట్టుకున్నది మార్కులను మాత్రమే కాదు, తానెవరో చెప్పుకునే ఆ ఒక్క మాటను. మ్యూలర్, డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసి 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని మెచ్చుకోలు పొందిన పిల్లలు ఒకసారి దెబ్బతిన్నాక మొదటివాటి లాంటి ప్రశ్నలలోనే వెనుకబడ్డారు. కష్టపడ్డారని మెచ్చుకోలు పొందినవాళ్లు ముందుకు వెళ్లారు.

అందుచేత ఫోన్‌లో మొదటి ప్రశ్న ర్యాంకు గురించి వేయవద్దు. ఆ వారం ఏది కష్టంగా అనిపించిందో అడిగి, చెప్పేదాకా ఓపిక పట్టు. పిన్ని కూతురి మార్కుల ప్రస్తావన పూర్తిగా మానేయండి. ఎంపీసీ తనంతట తాను కోరుకున్నదేనా అని కూడా నెమ్మదిగా అడగాలి. జవాబు మీకు నచ్చకపోయినా కోప్పడకుండా వినాలి. హాస్టల్‌లో వాడు కలిసి అన్నం తినే స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడో లేడో తెలుసుకో. నాకు మార్కుల కన్నా దాని గురించే ఎక్కువ దిగులు.

నిద్ర పట్టడం లేదన్నా, తిండి మానేసినా, బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వచ్చినా, మరుసటి వారం దాకా ఆగకుండా వెళ్లి ఇంటికి తెచ్చుకుని, వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

సంక్రాంతి సెలవులకు వాణ్ణి నా దగ్గరికి పంపు. పుస్తకాలు సర్ది పెట్టవద్దు. ఎన్నాళ్లుగానో నాకు తెగని జ్యామితి లెక్క ఒకటి ఉంది, ఇద్దరం దాని ముందు కూర్చుంటాం.