డెన్మార్క్, చైనా కళాసాహిత్యాలను తెలుసుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

డెన్మార్క్ గురించీ చైనా గురించీ వార్తల్లో వచ్చేది తప్ప మరేమీ తెలియదని, ఈ రెండు దేశాల కళలు, సాహిత్యం, సంస్కృతి తెలుసుకోవాలంటే దేనితో మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కోపెన్‌హేగన్‌లో ఉండి, సెలవు రోజుల్లో అక్కడి మ్యూజియంలు చూడటమే వ్యాపకంగా పెట్టుకున్న నేను ఇచ్చే సలహా ఇది: ఈ రెండు దేశాలనూ విడివిడిగా చదవబోకండి. ఒక దేశంవాళ్లు రెండో దేశపు వస్తువునో పుస్తకాన్నో చేతిలోకి తీసుకుని దానితో ఏం చేశారో గమనిస్తే, రెండూ ఒకేసారి అర్థమవుతాయి.

నా మటుకు నేను కుర్చీతో మొదలుపెట్టమంటాను. కోపెన్‌హేగన్‌లో పద్దెనిమిదో శతాబ్దపు పాత ఆసుపత్రి భవనంలో డిజైన్‌మ్యూజియం డెన్మార్క్ ఉంది. కుర్చీలను శిల్పాల మాదిరిగా వరుసగా నిలబెట్టి చూపిస్తారక్కడ. హాన్స్ వెగ్నర్ అనే డెన్మార్క్ కుర్చీల రూపశిల్పి, చెప్పులు కుట్టే ఇంట పుట్టి చిన్నతనంలోనే వడ్రంగం నేర్చినవాడు, చైనా మింగ్ వంశకాలపు (1368–1644) కుర్చీలను శ్రద్ధగా పరిశీలించి 1944లో ‘చైనా కుర్చీ’ తయారుచేశాడు. ఆ మింగ్ కుర్చీలో వీపు వెనకనుంచి బయలుదేరిన గుండ్రని కమ్మీ ఎక్కడా తెగకుండా రెండు పక్కలకూ వాలుతూ వచ్చి చేతులు ఆనించుకునే చోట ఆగుతుంది. చిన్న చిన్న చెక్కముక్కలను మేకు అవసరం లేకుండా ఒకదానిలో ఒకటి దూర్చి బిగించి ఆ వంపు సాధించారు. వీపుకు ఆనే పలక వెన్నెముకను అనుసరించి కొద్దిగా వంగి ఉంటుంది. వెగ్నర్ 1949లో గీసిన మరో కుర్చీలో ఈ లక్షణాలే కనిపిస్తాయి, కానీ కమ్మీని ఆవిరితో మెత్తబరచి వంచారు, వీపు పలకను పైన రెండుగా చీల్చి ఇంగ్లీషు వై అక్షరంలా మలిచారు, కూర్చునే చోట సుమారు 120 మీటర్ల కాగితపు తాడును చేత్తో అల్లారు. మేము భోజనం చేసే గదిలో ఈ కుర్చీలే ఉండేవి. ఎటు తిరిగి కూర్చున్నా మోచేతికి ఆనుడు దొరుకుతుంది. మింగ్ కాలపు వడ్రంగి మనిషి శరీరాన్ని ఎంత బాగా ఎరుగునో నాకు ఆ గదిలోనే తెలిసింది.

వాస్తుశిల్పంలోనూ ఈ బంధం ఉంది. సిడ్నీ ఒపేరా హౌస్ రూపశిల్పి జోర్న్ ఉట్జన్ డెన్మార్క్ దేశస్థుడే. చైనాలో ఎత్తైన అరుగు మీద పెద్ద పైకప్పు తేలుతున్నట్టుండే కట్టడాలు ఆయనను ఎంతగానో ఆకర్షించాయి.

పింగాణీ కథ మరింత పాతది. 1732లో డెన్మార్క్ రాజు అనుమతితో ఏర్పడిన ఆసియా వ్యాపార కంపెనీ ఓడలు చైనాలోని కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) రేవునుంచి టీ, పట్టు, పింగాణీ తెచ్చేవి. 1775లో కోపెన్‌హేగన్‌లోనే పింగాణీ కార్ఖానా వెలిసింది. తెల్లని పళ్లెం మీద నీలిపూలు వేసే ఆ కార్ఖానా మొదటి నమూనా చైనాలో పుట్టి, జర్మనీ మీదుగా అక్కడికి చేరినదే. అలాంటి పళ్లెం దొరికితే ముందు వెనక్కి తిప్పి చూడండి. అడుగున మూడు నీలి అలల గీతలుంటాయి; అవి డెన్మార్క్ మూడు జలసంధులకు గుర్తు. చేత్తో చిత్రించినదైతే పక్కనే చిత్రకారుల సంకేతం కూడా ఉంటుంది.

ఇక సాహిత్యం. 1843 ఆగస్టులో కోపెన్‌హేగన్‌లో టివోలి ఉద్యానవనం తెరిచారు. అందులో చైనా తరహా అలంకరణలు ఉండేవి. అది చూసిన డెన్మార్క్ కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ఆ అక్టోబరులోనే నైటింగేల్ పిట్ట కథ రాయడం మొదలుపెట్టాడు. చైనా చక్రవర్తికి తన సొంత తోటలో పాడే పిట్ట సంగతి పరదేశులు రాసిన పుస్తకం చదివితే గాని తెలియదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. అయితే పింగాణీతో కట్టిన ఆ రాజభవనం నిజమైన చైనా కాదు, టీ పెట్టెల మీది బొమ్మలు చూసి ఐరోపావాళ్లు ఊహించుకున్న చైనా. ఈ తేడా మొదటే గుర్తిస్తే ఆ కథ ఇంకా బాగుంటుంది.

అటువైపునుంచి చైనా రచయితలు డెన్మార్క్‌ను ఎలా చదివారో చూడటం నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఆండర్సన్ రాసిన అగ్గిపుల్లలమ్మే పిల్ల కథను జౌ జువోరెన్ 1919లో వాడుకభాషలోకి అనువదించి ‘కొత్త యువత’ పత్రికలో ప్రచురించాడు. గ్రాంథికాన్ని వదిలి జనం మాట్లాడే భాషలో రాయాలని చైనాలో పోరాటం జరుగుతున్న రోజులవి. మన గిడుగువారి ఉద్యమం కూడా ఆ కాలానిదే గనుక మనకు ఆ వేడి ఇట్టే తెలుస్తుంది. తర్వాత యే జున్‌జియెన్ డేనిష్ భాష నేర్చుకుని ఆండర్సన్ కథలన్నిటినీ మూలంనుంచే చైనీస్‌లోకి తెచ్చాడు. నాతో పనిచేసిన ఒక చైనా మిత్రురాలు ఆ అగ్గిపుల్లల పిల్ల కథను బడిలో పాఠంగా చదువుకున్నానని చెబుతూ కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూశాను.

జువోరెన్‌కు అన్నగారైన రచయిత లూ షున్ జపాన్‌లో చదువుకునే రోజుల్లో రాసిన ఒక పెద్ద వ్యాసంలో, రష్యా, పోలండ్ కవుల గురించి చెప్పేటప్పుడు, డెన్మార్క్ విమర్శకుడు బ్రాండెస్ పుస్తకాలను ఆధారం చేసుకున్నాడు. సాహిత్యం సమాజ సమస్యలను చర్చకు పెట్టాలని బ్రాండెస్ 1871లో కోపెన్‌హేగన్ ఉపన్యాసాలలో వాదించాడు. ఈ సంగతి మనసులో పెట్టుకుని లూ షున్ కథలు చదవండి. ఇంగ్లీషులో తేలికగా దొరుకుతాయి. చైనా సాహిత్యంలోకి వెళ్లడానికి అంతకన్నా మంచి ద్వారం నాకు కనబడలేదు.

తెలుగువారిగా మనకు దగ్గరి సంగతి ఒకటుంది. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ 1845 దాకా డెన్మార్క్ పాలనలోని వలస స్థావరం. ఇంగ్లీషు కంపెనీ అప్పట్లో మిషనరీలను రానివ్వకపోవడంతో విలియం కేరీ బృందం డెన్మార్క్ నీడన అక్కడ అచ్చుయంత్రం నెలకొల్పింది. కేరీ తెలుగు వ్యాకరణం, ఆయన సహచరుడు మార్ష్‌మన్ రాసిన చైనీస్ వ్యాకరణం, రెండూ 1814లో అక్కడే అచ్చయ్యాయి. అంతకు ముందే, 1809లో, మార్ష్‌మన్ కన్ఫ్యూషియస్ బోధనలను ఇంగ్లీషులోకి తెచ్చి అక్కడ ముద్రించాడు.

మీరు హైదరాబాద్‌లో ఉంటే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంలోని తూర్పు దేశాల విభాగానికి వెళ్లి, చైనా పింగాణీ ముందు తీరిగ్గా నిలబడండి. తెలుపు మీది నీలం ఎక్కడ చిక్కబడిందో, కుంచె ఎక్కడ ఆగి మళ్లీ కదిలిందో గమనించండి. ఆ తర్వాత కోపెన్‌హేగన్ కార్ఖానా పాత పళ్లేల ఫొటోలు తెరిచి చూస్తే, డెన్మార్క్‌వాళ్లు ఏది ఉంచుకున్నారో, ఏది వదిలేశారో మీరే చెప్పగలరు.