టెక్ సందేహాలు: గొట్టం పంపితే జంతికలు రావు

ప్రశ్న: ద్వారకానగర్‌లో అద్దె కార్లు, అరకు యాత్రలు చూసుకునే చిన్న ఆఫీసు మాది. మా వెబ్‌సైటు చేసిన కుర్రవాడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ ఒక ఫోల్డరు చేతిలో పెట్టాడు. అందులో ఫైళ్లన్నీ 'డాట్ పగ్' అని ఉన్నాయి. వాటిని అలాగే సర్వర్‌లోకి ఎక్కించాను. బ్రౌజర్‌లో తెరిస్తే పేజీ రావడం లేదు, ఫైలు డౌన్‌లోడ్ అవుతోంది. నేను ప్రోగ్రామర్‌ను కాను. ఏం చేయాలి?

జవాబు: బంధువులకు జంతికలు పంపబోయి గొట్టాన్నీ పిండినీ మూటకట్టి పంపారు మీరు. పగ్ అనేది బ్రౌజర్ చదివే పేజీ భాష హెచ్‌టీఎంఎల్‌ను క్లుప్తంగా రాసుకునే పద్ధతి. కోణపు బ్రాకెట్లు, మూసే ట్యాగులు ఉండవు. ఏది దేని లోపలిదో లైను మొదట్లో వదిలిన ఖాళీయే చెబుతుంది. రాసేవాడికి హాయిగా ఉంటుంది కానీ బ్రౌజర్‌కు ఆ భాష రాదు, ముందు హెచ్‌టీఎంఎల్‌గా మార్చి పంపాలి. దీని పాత పేరు జేడ్. ఆ పేరు వేరొకరి ట్రేడ్‌మార్కు కావడంతో 2016లో పగ్‌గా మారింది. అందుకే పాత ఫోల్డర్లలో 'డాట్ జేడ్' ఫైళ్లు కనబడినా కంగారు పడనక్కరలేదు.

ముందుగా మీ కంప్యూటర్‌లో ఆ మార్పిడి నడవడానికి కావలసిన నోడ్ జేఎస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. దాని అధికారిక సైటులో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే కూర్పు) అని ఉన్నది చాలు. ఎన్‌పీఎం అనే సహాయకుడు దానితోపాటే వస్తాడు. విండోస్‌లో ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, అంతా ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత 'జి', మళ్లీ ఖాళీ వదిలి 'పగ్' అడ్డగీత 'సీఎల్ఐ' అని రాసి ఎంటర్ నొక్కండి. తర్వాత మీ ఫోల్డరులోకి వెళ్లి 'పగ్', ఖాళీ, 'ఇండెక్స్ డాట్ పగ్' అంటే పక్కనే ఇండెక్స్ పేరుతో హెచ్‌టీఎంఎల్ ఫైలు పుడుతుంది. సర్వర్‌కు పంపవలసింది దానిని.

కమాండ్ ప్రాంప్ట్ అని పట్టుబట్టడానికి కారణం ఉంది. చాలామంది అలాంటిదే మరో కిటికీ, పవర్‌షెల్ తెరుస్తారు. అక్కడ 'పగ్' అనగానే ఈ కంప్యూటర్‌లో స్క్రిప్టులు నడపడం నిషిద్ధమని ఎర్రటి అక్షరాలు పడతాయి. పాడైందేమీ లేదు, అది విండోస్ జాగ్రత్త. భద్రతా అమరికలు మార్చేకన్నా కిటికీ మార్చడం తేలిక.

మీ వాడు బుద్ధిమంతుడైతే పై పట్టీ, ఫోన్ నంబరు ఉన్న కింది పట్టీ వేరే ఫైళ్లలో పెట్టి, ప్రతి పేజీలో 'ఇంక్లూడ్' అని పిలిచి ఉంటాడు. అసలు లాభం ఇక్కడే. నంబరు మారితే ఒక్కచోట దిద్ది, మొత్తం ఫోల్డరును ఒకే ఆజ్ఞతో మార్చుకోవచ్చు: 'పగ్', పేజీలున్న ఫోల్డరు పేరు, రెండు అడ్డగీతలు 'అవుట్', ఫలితం చేరవలసిన ఫోల్డరు పేరు. అయితే పట్టీల ఫైళ్లు పేజీల ఫోల్డరులోనే ఉంటే అవీ విడివిడిగా పేజీలై కూర్చుంటాయి. వాటిని పక్క ఫోల్డరులోకి జరిపి, 'ఇంక్లూడ్' దగ్గర దారి సరిచేయండి.

అరకు యాత్ర ధరలు జేసన్ ఫైలులో (సమాచారం మాత్రమే దాచుకునే ఫైలు) విడిగా ఉంటే దానిని అడ్డగీత పెద్ద 'ఓ'తో అందించాలి. చిన్న 'ఓ' ('అవుట్'కు పొట్టి రూపం) అంటే ఫలితం ఎక్కడికి వెళ్లాలో చెప్పడం, పెద్ద 'ఓ' అంటే సమాచారం ఎక్కడినుంచి రావాలో చెప్పడం. రెండు పనులకు ఒకే అక్షరం వాడిన పుణ్యాత్ముడెవరో గానీ, నేనూ ఈ రెండింటి మధ్య ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. 'లెంగ్త్' అనే మాటతో తప్పు చూపిస్తే, పేజీ అడిగిన జాబితా దానికి అందలేదని అనుమానించండి. ఖాళీలు, ట్యాబులు కలిపి వాడినా పగ్ ఒప్పుకోదు. లైను నంబరు చూపిస్తుంది కాబట్టి అక్కడికి వెళ్లి ఏదో ఒకటే ఉంచండి.

సర్వర్‌లోనే నోడ్ నడపమని మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఏడాదికి నాలుగుసార్లు ధరలు మార్చే ఆఫీసుకు అది దండగ. హెచ్‌టీఎంఎల్ ఫైళ్లకు అతి చవక సర్వర్ చాలు. ఒక్క మెలిక: సైటులో బుకింగ్ ఫారం ఉంటే, నింపిన వివరాలు అందుకునేవారు వెనుక ఎవరో ఒకరు ఉండాలి. హెచ్‌టీఎంఎల్ ఒక్కటే ఆ పని చేయలేదు. ఫారం తీసేసి ఫోన్ నంబరు పెద్దదిగా వేయమంటాను. కారు కావలసినవారు ఎటూ ఫోనే చేస్తారు.

పగ్ ఫైళ్లను పారేయకండి. తొందరలో ధర మార్చాలని హెచ్‌టీఎంఎల్‌లోనే చేయి పెట్టారో, మళ్లీ మార్పిడి చేసినప్పుడు ఆ దిద్దుబాటు తుడిచిపెట్టుకుపోతుంది.

ప్రశ్న: గోపాలపట్నం నుంచి రాస్తున్నాను. నేనూ పగ్ వాడుతున్నాను. పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫలితాన్ని ఫైలులోకి పంపితే తెలుగంతా పిచ్చి గుర్తులైంది. ఫాంటు మార్చినా పోవడం లేదు.

జవాబు: ఫాంటుది తప్పు కాదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటిని కలిపి చదవకపోతే ఒక్క 'అ' మూడు వింత గుర్తులవుతుంది. తయారైన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్కడ తెలుగు శుభ్రంగా ఉంటే, పేజీ తల భాగంలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగు లేదన్నమాట. మొదట్లోనే చేర్చండి, మొదటి 1024 బైట్లలోపే ఉండాలని నియమం. నోట్‌ప్యాడ్‌లోనూ పిచ్చి గుర్తులే ఉంటే దోషం బాణానిది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1 మధ్యలో దూరి అక్షరాలను తన పద్ధతిలో చదివి, యూటీఎఫ్-16 అనే వేరే పద్ధతిలో రాస్తుంది. బాణం మాని 'అవుట్' వాడితే పగ్ తానే ఫైలు రాసుకుంటుంది. గుర్తులు కాక వరుసగా ప్రశ్నార్థకాలే, అవీ మూల పగ్ ఫైలులోనే కనిపిస్తే మాత్రం దానిని తెలుగుకు చోటులేని పాత పద్ధతి ఆన్సీలో భద్రపరిచి ఉంటారు. ఆ అక్షరాలు ఇక తిరిగి రావు, మళ్లీ టైపు చేయవలసిందే.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ రంధ్రాలు తుప్పు పడుతున్నాయి.

జవాబు: ఉప్పుగాలి. సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో సంచిలో ఉంచండి. పచ్చగా పట్టిన చోట యంత్రం ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక వాడండి. రంధ్రంలో కొబ్బరినూనె వేయమన్న మీ పక్కింటాయన మాట మాత్రం వినకండి.